మోగని బెల్లు

మహబూబ్‌నగర్ బస్సు టాపు మీద
ఒక డబ్బా రావలసింది, ఇంకో డబ్బా దిగింది.
అచ్చంపేటల ఆ శుక్రారం
వాల్‌పోస్టరు మీద మీసాల హీరో,
తెర మీద మాత్రం
ఎండిన కందికట్టె లాంటి
ఒక లండను పోలీసాయన.

మా అమ్మ బాలకిష్టమ్మ ఆడోళ్ల గేటు కాడ
టికెట్లు చింపుతది.
నాకు పదేండ్లు. ఇనుప మెట్లెక్కి
చాంద్‌పాషా మామ మిషను రూముల కూసుంట,
కార్బన్ కడ్డీల వాసన పీల్చుకుంట.

డబ్బాల మీది అంకెలు చెరిగినయి.
ఇంగ్లీషు సినిమ ఎనక ముందలు ఎవ్వలికెరుక?
మ్యాట్నీల రెండో రీలు అయిపోంగనే
మామ ఏడోది ఎక్కిచ్చిండు.

పోలీసాయన సైకిలు పట్టుకొని
గడ్డివాము ఎనక నక్కిండు.
ఇవతల తుపాకులోళ్లు పన్నెండు మంది.
ఊపిరి బిగవట్టిండు.
సైకిలు బెల్లు మోగింది.
ట్రింగ్.

ఒక్కడు నవ్వలే.
"పైసలు వాపస్" అని నేల క్లాసుల ఎవడో అరిచిండు.
ఉప్పునుంతల పల్లికాయ రైతులు
తువ్వాలలు దులుపుకొని లేచిపోయిన్రు.

మామ ఏమనలే.
రీళ్లన్ని బల్బు కింద పరిచి
ముక్క ముక్క చూసిండు బీడీ మీద బీడీ తాగుకుంట.
పోలీసాయన ప్యాంటుకు
బురద ఎంతెక్కితే అంత ఎనకటి రీలు.
అట్ల, బురదను బట్టి, వరుస పెట్టిండు.

ఫస్ట్ షో.
పిల్లి అడ్డమొచ్చింది, బెల్లు నొక్కిండు, మోగలే.
పెండ్లి బ్యాండోళ్లు అడ్డమొచ్చిన్రు, మోగలే.
ఊరి పెద్ద కారు. మోగలే. "సారీ" అని తనే మోరీల పడ్డడు.
బాతులు. ఈసారి దిగి, బెల్లును విప్పి, నూనె పోసి,
బుజ్జగించి, మల్ల నొక్కిండు.
బాతులే తోవ ఇడిచినయి. బెల్లు మోగలే.

తర్వాత గడ్డివాము.
పన్నెండు తుపాకులు.
మా అమ్మ టికెట్ల కట్ట చేతిలనే మరిచింది.
ముందు వరసల ఒక ముసలామె
బెల్లుకు చేతులు జోడిచ్చి
"మోగకే తల్లీ, జర మోగకే" అంటున్నది.

ట్రింగ్.

రేకుల కప్పు లేచిపోతదనుకున్న.
అదే బెల్లు, అదే గడ్డివాము.
నవ్వు మోగినదాంట్ల లేకుండె,
మోగని ఆ నాలుగు సార్లల్ల ఉండె.

ఇంకొకటి చెప్పాలె.
మన దిక్కు హీరో కొడితే
పది మంది గాల్లకు లేస్తరు, దువ్విన జుట్టు చెదరది.
ఈయన కొడితే ఈయన చెయ్యే వాస్తది.
ఊదుకుంటడు. పడ్డోనికి రుమాలిస్తడు.
గుండ్లు మాత్రం నిజం గుండ్లే,
తాకితే రక్తమొస్తది, ఇల్లు కూలుతది.
దాని నడుమ ఆయన మొఖం
అంగట్ల చింతపండు ధర అడుగుతున్నట్టు ఉంటది.
ఆ మొఖం ఒక్కసారి నవ్విందా,
మేం నవ్వకపోదుము.

"నువ్వెందుకు నవ్వవు మామా?"
"మిషను సప్పుడుకు నాకేం వినరాదు బిడ్డా.
తెర గూడ చూడ. తలకాయలు చూస్త.
అన్ని ఒక్కపారి ముందుకు వంగినయా,
రీళ్ల వరుస సక్కగున్నట్టు."

పదకొండు రోజులాడింది.
పన్నెండో రోజు బస్టాండుల
ప్యాసింజర్ల కాడ కొట్లాట.
ఆటో కుర్మయ్య, జీపు రూప్లా.
కుర్మయ్య చెయ్యి లేపిండు, ఆగిండు.
రూప్లా చేతిల చాయ్ గ్లాసు.
దాన్ని మెల్లగ తీసుకొని గోడ మీద పెట్టి,
"ఏమనుకోకన్నా" అని
చెంప మీద ఒక్కటిచ్చిండు.
రూప్లా చెంప రుద్దుకున్నడు.
గోడ కాడికి పోయి
మిగిలిన చాయ్ నిమ్మళంగ తాగిండు.
గ్లాసు కడిగి హోటలాయనకిచ్చిండు.
అంగీ చేతులు మడిచి ఎనకకు మళ్లిండు.

బస్టాండంత గుమిగూడినం.
నా పక్కన చాంద్‌పాషా మామ.
వాళ్ల దిక్కు చూస్తలేడు,
మా తలకాయల దిక్కు చూస్తున్నడు.