రిమార్కుల గడి

షెఫీల్డులో వాన పడుతోందని చెప్పడం
గోడ నిలబడి ఉందని చెప్పడం లాంటిది.
నాలుగో అంతస్తు కిటికీ పక్కన కూర్చుని
నేనెప్పుడూ చూడని ఊరి నీళ్ళు లెక్కపెడుతున్నాను.
నూట పన్నెండు కుళాయిలు.
యుద్ధం ఆగి పంతొమ్మిది నెలలు.
మా రిపోర్టులో అలా రాయం,
"ప్రాంతం అందుబాటులోకి వచ్చింది" అంటాం,
యుద్ధమేదో కొండచరియ విరిగి దారి మూసుకున్నట్టు.

నలభై ఒకటో కుళాయి.
పనిచేస్తోందా: అవును.
ఇరవై లీటర్ల డబ్బా నిండడానికి: రెండు నిమిషాల పది సెకన్లు.
క్లోరిన్: సరిపడా.
ఇళ్ళకి దూరం: ఐదొందల మీటర్ల లోపే.
వరసంతా ఆకుపచ్చ, ఇప్పుడే కోసిన కొత్తిమీరలా.
రోజుకి ఎంతమంది వస్తారు:
సున్నా.

"టైపింగు పొరపాటు" అన్నాడు డెక్లన్,
మా డేటా కుర్రాడు, శాండ్‌విచ్ నములుతూ.
"సగటు వేసేద్దామా?"
వద్దన్నాను.
అక్కడ సర్వే చేసిన నబీహాకి ఫోను కలిపాను.
లైను తెగుతూ తగులుతూ
నీళ్ళు రాబోయే ముందు పైపు దగ్గినట్టు.

"కుళాయి బాగుంది మేడమ్. నీళ్ళు తియ్యగా ఉన్నాయి.
అది పెట్టిన చోట ఇదివరకు చెక్‌పోస్టు ఉండేది.
బస్సుల్లోంచి మగపిల్లల్ని అక్కడే దించేవాళ్ళు.
దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కలేదు.
ఆ నీళ్ళతో పిండి ఎవరు కలుపుకుంటారు?"

మరి ఫారంలో రాయలేదేం, అన్నాను.
"రిమార్కుల గడిలో
నలభై అక్షరాలే పడతాయి."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు
నల్లగొండ జిల్లాలో మా బడి ముందు బోరింగు.
జీపులో వచ్చినాయన నాలుగుసార్లు కొట్టి చూసి,
నీళ్ళు దూకగానే చెయ్యి తుడుచుకుని,
రిజిస్టరులో టిక్కు పెట్టుకున్నాడు.
పనిచేస్తోంది.
అబద్ధం కాదు. చాలా బాగా పనిచేసింది.
మా పెద్దనాయిన నడుము వంచింది అదే.
నా పంటి మీద ఈ పసుపు గీతలు గీసింది అదే.
చుట్టూ మూగిన పిల్లల్లో ఒక్కర్నైనా
ఏదీ, నవ్వండి చూద్దాం, అని
ఆయన అడగలేదు.

మొన్న మంగళవారం
వాక్లీలో మా వీధి మెయిన్ పైపు పగిలింది.
ఏటవాలు మీద నీళ్ళు
బడి వదిలిన పిల్లల్లా కిందికి పరుగు.
గంట తిరక్కుండా వ్యాను, నారింజ రంగు కోట్లు,
గుమ్మానికి ఆరేసి సీసాలు.
పక్కింటి మావిస్, టీ ఆలస్యమైందని,
దారుణం అంది, మూడుసార్లు.
నాలుగ్గంటల్లో రోడ్డు మళ్ళీ రోడ్డైంది.
మర్నాడు తలుపు సందులోంచి కార్డు పడింది:
మా సేవకి ఐదింటిలో ఎన్ని నక్షత్రాలు?
ఐదూ ఇచ్చాను.
కింద, మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా అని
అరపేజీ తెల్లకాగితం.
అరపేజీ!
చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను,
చేతిలో పెన్ను మూత తీయకుండా.

శుక్రవారం డబ్బిచ్చేవాళ్ళతో మీటింగు.
నబీహా అడిగింది పెద్దదేం కాదు.
రెండొందల మీటర్ల పైపు.
కుళాయిని బేకరీ గోడ దగ్గరికి జరిపితే చాలు,
అక్కడైతే ఆడవాళ్ళు ఎటూ నిలబడతారు.
పనిచేస్తున్న కుళాయిని జరపడానికి
మా పద్దులో పద్దు లేదు.

అందుకని
"అవును" చెరిపి "కాదు" అని కొట్టాను.
కారణం అన్న గడిలో
నలభై అక్షరాల్లో ఇరికించడానికి
మధ్యాహ్నమంతా పట్టింది.
"తల్లులు" అన్న మాట ఉంచడం కోసం
"దయచేసి" తీసేశాను.

డెక్లన్ వెనకొచ్చి నిలబడ్డాడు.
"ఇదేంటి, ఎర్రగా అయింది?
నీళ్ళు వస్తున్నాయిగా?"

వస్తున్నాయి అన్నాను.
అతని వైపు తిరిగి నవ్వాను,
పళ్ళు కనపడేలా.