కాకిబంగారం

సైదాపురం దాటాక రోడ్డు వారగా
ఇప్పటికీ నేల మెరుస్తుంది.
బస్సులో పిల్లలు వజ్రాలంటారు.
మా అవ్వ కాకిబంగారం అనేది,
ఆకువక్క ఉమ్మేసినంత తేలిగ్గా.

గుంతలోంచి మగాళ్ళు దిమ్మలు మోసుకొస్తే
పాకలో ఆడాళ్ళు పుట పుటగా విప్పేవాళ్ళు.
ఓనమాలు రాని చెంగమ్మ
పదకొండో ఏటి నుంచి ఎన్ని లక్షల పుటలు తిప్పిందో.
కత్తిమొన గోరు కింద దూరేది.
మరక లేనిది ఒక పెట్టెలోకి,
మరకది ఇంకో పెట్టెలోకి.
లేతపచ్చగా, నీళ్ళలో నీళ్ళలా కనపడని మేలురకం
గూడూరులో రైలెక్కి, మద్రాసులో ఓడెక్కి
సీమకు పోయేది.
అక్కడ దాన్నేం చేసుకుంటారని అడిగితే
మేస్త్రి అంకయ్య కూడా ఆకాశంకేసి చూసేవాడు.

పొద్దుగూకితే గేటు కాడ
కొప్పు విప్పాలి, కొంగు దులపాలి,
నోరు తెరిచి నాలుక ఎత్తాలి.
అయినా దీపం ముందు కూర్చుంటే
మెడ ముడతల్లో సన్నంగా మెరిసేదంట.
మా నాయన పాలతోపాటు
ఆ మెరుపూ తాగి పెరిగాడు,
దగ్గుతూ.

యుద్ధమొచ్చింది. ఎవరితోనో తెలీదు.
పెట్టెలు రెండింతలైనాయి, కూలి అదే రెండణాలు.
ఆ కార్తీకం ముసురుకి
ఆరో నంబరు గుంత కూలింది.
తీసింది మూడు శవాలు, రిజిస్టర్లో ఎక్కింది రెండు.
మూడోది అవ్వ తమ్ముడు మాలకొండయ్య.
పద్నాలుగేళ్ళోణ్ణి దింపినట్టు
ఎక్కడా రాసుకోకూడదు కదా.

ఆమె జెండా పట్టలేదు.
గూడూరు వీధుల్లో తిరిగిన ఊరేగింపు
ఇంత దూరం, ఇంత ఎండలో, రానూ లేదు.
ఆవగింజంత తుప్పుచుక్క ఉన్న రేకు ఒకటి తీసి
పైన రెండు, కింద రెండు మంచివి సర్ది
మేలురకం పెట్టెలో పెట్టింది.
రోజుకొకటి.
చెయ్యి వణకని రోజు రెండు.
పక్కనే కూర్చునే మస్తాన్‌బీకి కూడా చెప్పలేదు.
మస్తాన్‌బీ కూడా అదే పని చేసేదని
ముప్పైయేళ్ళకు, ఒక పెళ్ళి పందిట్లో తెలిసి,
ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారంట,
ఎవరో పోయినట్టు ఏడ్చారంట.

ఆగస్టు రాత్రి ఆఫీసు అరుగు మీద రేడియో పెట్టారు.
ఢిల్లీ నుంచి ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు.
నడిమధ్యలో గొంతు గరగరమని ఆగిపోయింది.
గుమాస్తా దాని నెత్తిన రెండు మొట్టికాయలేశాడు.
మర్నాడు బాగుచేసేవాడొచ్చి విప్పితే
లోపల, గోరంత, కాకిబంగారం.
"నా రేకేనేమో అబ్బయా!
వాళ్ళకని పంపింది
మనోళ్ళ గొంతుకే అడ్డం పడె."

ఆ రోజు పప్పుబెల్లాలు పంచారు.
పొద్దుగూకినాక
కొప్పు విప్పమన్నారు.

చాలా ఏళ్ళకు నేను పెన్షన్ ఫారం తెచ్చాను.
జైలు పేరు. శిక్షాకాలం. ఇద్దరు సాక్షులు.
మస్తాన్‌బీ అప్పటికి లేదు.
అవ్వ ఆ కాయితం నా చేతిలోంచి లాక్కుని
గుమ్మంలో వెలుతురుకు ఎత్తి పట్టింది,
అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక కన్ను మూసి,
మరక ఉందేమోనని.