పదడుగుల ఊలుదారం

పార్దుబిత్సెలో, మంచు కరిగి
బూట్లు కిచకిచలాడే మధ్యాహ్నం
ద్రహోమీరా గారు దుకాణానికి కొలత తెచ్చారు.
సంచిలోంచి ఎర్ర ఊలుదారం:
ఈ కొసన ముడి కుర్చీ,
ఆ కొసన ముడి గోడ.

మా షోరూంలో అందరూ రెండడుగుల్లో నిలబడతారు.
అక్కడ తెరమీది చిలక ఈకలు లెక్కపెట్టొచ్చు,
అక్కడే బేరం కుదురుతుంది.

దారం ఒక కొస నేను పట్టుకున్నాను.
ఆవిడ వెనక్కి, ఇంకా వెనక్కి,
వాషింగ్ మెషీన్ల దాకా నడిచారు.
పదడుగులు.
ముప్పైరెండంగుళాల తెరలు రెండు, పక్కపక్కన,
ఒకటి హెచ్‌డీ, ఒకటి ఫుల్ హెచ్‌డీ.
"ఏది ఏదో చెప్పండి."
కళ్లజోడు తుడిచారు. మళ్లీ తుడిచారు.
"కవలలు" అన్నారు.

కమీషను గొంతుదాకా వచ్చింది, మింగేశాను.
అంత దూరానికి ఆ చుక్కలన్నీ కలిసి ఒకే ముద్దండీ,
డబ్బు దండగ.
కాదంటే ఇదిగో, యాభైఅయిదంగుళాలది.

"అది పెడితే కిటికీ మూసుకుపోతుంది.
నాక్కావలసింది హాకీ బిళ్ల.
ఇరవయ్యేళ్లుగా బిళ్లను చూడనేలేదు నేను,
ఆటగాళ్ల తలలు ఎటు తిరిగితే అటు అరుస్తున్నాను."

కాసేపు దారాన్ని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ
కత్తెర అడిగారు.
రెండుగా మడిచి, సరిగ్గా నడుమ,
టక్.
"ఆ కుర్చీని అక్కడ పెట్టింది దేవుడేం కాదు,
మా అత్తగారు."

ఫుల్ హెచ్‌డీనే కట్టమన్నారు.
మిగిలిన అయిదడుగులతో
డబ్బాకి పిడి వేసిచ్చాను.