మూడు బస్సులు పోయినంక

పరకాల బస్సు వచ్చింది. ఎక్కలే.
హన్మకొండ బస్టాండ్ల ఇనుప బెంచీ మీద
ఒడిల టిఫిను డబ్బా, సంచిల అరవై రెండు పేపర్లు.
లేవబోయిన.
మోకాళ్ళు నా మాట ఇనలే.
గంతే, అంతకంటే పెద్దగ ఏం కాలే.

కండక్టరమ్మ నన్ను ఎరుగును.
మెట్టు మీదికెల్లి వంగి, "రావా టీచరమ్మా?" అన్నది.
చెయ్యి ఊపిన,
ఎవరినో సాగనంపెటందుకు వచ్చినదాని లెక్క.

ఎప్పటిసంది ఇట్లున్నవని అడుగుతడు మా ఆయన.
ఏం చెప్పాలె?
ముందుగాల గొంతు పోయింది.
ఆగస్టుల బొంగురుపోయింది దసరాకు గూడ తిరిగి రాలే.
"మాట్లాడుడు తగ్గించుండ్రి" అని రాసిచ్చిండు ఎంజీఎం డాక్టరు.
నవ్వొచ్చింది.
సైన్సు సారు బదిలీ అయి పోతె
ఆయన పీరియడ్లు గూడ నా నెత్తిమీదనే ఉన్నయి.

తర్వాత నిద్ర పోయింది.
కలల కోడిగుడ్లు లెక్కపెడుత:
నూట పద్నాలుగు మంది పిల్లలు, నూట తొమ్మిది గుడ్లు,
తక్కువవడ్డ ఐదింటికి కారణం రాసి పంపాలె.
గుడ్లకొక యాప్, బట్టల కొలతలకొక యాప్,
స్లిప్ టెస్టు మార్కులకు ఇంకోటి.
ఇంట్ల నా బిడ్డ "అమ్మా" అంటె
"చెయ్యెత్తి అడుగు" అన్న ఒకనాడు.
అది నిజంగనే ఎత్తింది.

సర్వేకు పోయినప్పుడు
ఒక ముసలామె మంచినీళ్ళిచ్చి,
"బిడ్డా, నువ్వేం కొలువు జేస్తవు?" అన్నది.
జెరసేపు యాదికి రాలే.

పొద్దుగాల బడి గేటు కాడ
ఫోను నా మొహం అడుగుతది.
కండ్లార్పుమంటది, ఆర్పుత.
తల తిప్పుమంటది, తిప్పుత.
"సరిపోలలేదు. మళ్ళీ ప్రయత్నించండి."
అటెండరు ఐలయ్య ఎనుక నిలవడి
"ఎల్తురుకు మర్లుండ్రి మేడం" అంటడు.
మర్లిన.
అది దాసిపెట్టుకున్నది జూన్ నెల మొహం.
గా మొహం ఏడ పోయిందో నాకూ ఎరుకలేదు.

ఇవన్నీ ఓర్చుకున్న.
నాకంటే ముందటోళ్ళు గూడ ఓర్చిండ్రు, అబద్ధమెందుకు.
గని మొన్న మంగళవారం,
ఏడో తరగతి, కిటికీ పక్క బెంచీ,
గుగులోతు చరణ్ లేచి నిలవడ్డడు.
బడి తెరిచినకాంచి నోరిప్పని పోరడు.
"టీచర్, ఏ అంకెనైనా దాంతోటే భాగిస్తె ఒకటి అన్నరు.
సున్నను దేంతోటి భాగించినా సున్న అన్నరు.
మరి సున్నను సున్నతోటి?"

పదిహేడేండ్ల సంది
నేను ఎదురుచూసిన పిల్లగాడు వాడే.
"నోర్మూసుకొని కూసో" అన్న.

సిలబస్ కాలే, బెల్లు కొట్టబోతున్నరు,
ఫోన్ల ఎంఈఓ మెసేజు మెరుస్తున్నది,
పది నిమిషాల్ల పంపాలె, ఏం పంపాల్నో గూడ చదవలే.
వాడు కూసున్నడు.
బ్యాగు జిప్పు తీసిండు, మల్ల పెట్టిండు.
గా జిప్పు సప్పుడు, గింతంత సప్పుడు,
బస్టాండ్ల ఇన్ని హారన్ల నడుమ గూడ ఇనవడుతున్నది.

రెండో బస్సు పోయింది. మూడోది గూడ.
హెడ్మాస్టరు సదానందం సార్ ఫోను:
"సీఎల్‌లు ఒడిసినయి గదమ్మా, ఏమని రాయమంటవు?"
ఏమన్న రాయుండ్రి సార్.
జ్వరమని రాయుండ్రి, దానికైతే ఒక గడి ఉంటది.

పర్సుల నిన్నటి జీరో టికెట్టు దొరికింది.
ఎనుక తెల్లగున్నది.
ఎర్ర పెన్నుతోటి
పైన సున్న, కింద సున్న, నడుమ గీత.
జవాబు ఒకటి అనుకుంటె సరిపోతది.
ఏడు అనుకుంటె ఏడు గూడ సరిపోతది,
నూట పద్నాలుగు గూడ.
ఏది పెట్టినా ఒప్పుకుంటది,
అందుకే ఏదీ దాని జవాబు గాదు.
రెండు నిమిషాలు పట్టేది, చరణ్.
రెండే నిమిషాలు.

నాలుగో బస్సు ప్లాట్‌ఫారం దిక్కు మర్లుతున్నది.
టికెట్టు మడిచి పేపర్ల నడుమ పెట్టిన.
మోకాళ్ళను ఇంకా అడగలే.