చేపల మందు

తెల్లటి పొడి. నూనెలో కలిపి
రోజూ పదిన్నరకి ఎలుకల పొట్టలోకి ఎక్కిస్తాను.
సీసా మీద పేరు రొటెనోన్.
ఎల్లాజీ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి నవ్వాడు:
"ఇది సేపల మందు కాదేటమ్మా?
మా మావ పాడేరు కాడ గెడ్డలో ఏదో తీగ దంచి కలిపీవోడు,
సేపలు మత్తెక్కి తేలిపోయీవి."

అవును, అదే.
చేపకి ఊపిరి ఆగుతుంది.
ఎలుకకి మాత్రం నెమ్మదిగా, మూడు నాలుగు వారాలకి,
నడకలో ఎక్కడో తడబాటు.

తిరిగే కడ్డీ మీద పెడతాం.
ఏడో నంబరు పోయిన నెల రెండు నిమిషాలు నిలిచింది.
ఇవాళ పదకొండు సెకన్లు.
అది కింద పడకముందే ఎల్లాజీ పట్టేస్తాడు,
ఎడంచేతి వాటం మనిషి, కుడిచేత్తో.
రూలు ప్రకారం పట్టకూడదు. నేను ఏమీ అనను.

సాయంత్రాలు మైక్రోస్కోపు.
మెదడు అడుగున కోసిన సన్నటి పొరకి రంగు పట్టిస్తే
మంచి ఎలుకలో ఒక చార కనిపిస్తుంది,
భీమిలి దగ్గర అల వెనక్కి పోయాక
మిగిలే నల్లఇసుక గీతలా.
డోపమైన్ చేసే కణాల కాపురం అక్కడే.
మందు పడ్డ ఎలుకలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చుక్కలు,
వాటి లోపల ముద్దలు.
ఒక ప్రోటీన్ పోగు తప్పుగా మడతపడుతుంది,
పక్కదానికి ఆ మడత నేర్పుతుంది.

"వలలో సిక్కూ అంతే కదా" అన్నాడు ఎల్లాజీ,
"ఒక కన్ను ముడిపడితే సాలు, తెల్లారేసరికి వలంతా ముద్ద.
మేమైతే కోసి పారేత్తాం."
మేమూ కోస్తాం. పారేయం,
గాజుపలకల మీద దాచుకుంటాం.

సగానికి పైగా కణాలు పోతే గాని చెయ్యి వణకదు.
ఈ వాక్యం సెమినార్లలో నీళ్లు తాగినంత తేలిగ్గా చదివాను.
దానికి ఏళ్ల ముందే ముక్కు పోతుందని కూడా.

ఎలుకల గదిలో నేను రెండు మాస్కులు కడతాను.
ఎల్లాజీ ఒకటీ కట్టడు. ఒకసారి మెచ్చుకున్నాను.
"గొప్పేటి కాదమ్మా, రెండేళ్లయింది నాకు వాసనే రాదు,
జాలరిపేటలో ఎండుసేపల మజ్జిని కూకున్నా సరే.
పోర్టు బొగ్గుదుమ్ము కదా!"
అవుననుకున్నాను.
పోర్టు దుమ్ము ఎవర్ని వదిలింది?

నిన్న హాజరుపుస్తకం వెనక్కి తిప్పాను, ఎందుకో.
జనవరిలో మైలపల్లి ఎల్లాజీ గడి దాటి పోయేవాడు.
ఆగస్టుకి గడిలో సగం కూడా లేడు,
చివరి అక్షరం దాదాపు చుక్క.

కేజీహెచ్‌లో నరాల డాక్టరు ఏ వారం చూస్తారో కనుక్కున్నాను.
ఎలా చెప్పాలో ఎవర్ని అడగాలి?

ఇవాళ మధ్యాహ్నం
మూత తీసిన టిఫిన్ డబ్బా నా ముందు పెట్టాడు. నెత్తళ్ల పులుసు.
"రాత్రిదమ్మా. పాడయిందో లేదో
ఓపాలి వాసన సూసి సెప్పు, నాకు తెలీట్లేదు."

మాస్కు కిందికి లాగి వంగాను.
చింతపండు, వెల్లుల్లి, సముద్రం.
బాగానే ఉంది, అన్నాను.
పులుసు గురించే అన్నాను.

డబ్బా కుడిచేత్తో పట్టుకుని నడవలోకి వెళ్లాడు.
ఎడంచెయ్యి
అడుగుతో పాటు ఊగలేదు.