రెండో బంతి

షెఫీల్డ్‌లో రాత్రంతా మంచు.
ఐదూ నలభైకి గారెత్ ఓల్డ్‌రాయిడ్ ఫోను:
"కౌన్సిల్ సైటు కూలబడింది."
ఏ బడి తెరుస్తారు, ఏ బడి మూస్తారు అని
ఊరంతా ఒకే పేజీ మీద పడింది.

వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను.
నాలుగు సర్వర్లు. వాటి ముందు, గుమ్మంలో నిలబడి
వచ్చినవాళ్ళని వచ్చినట్టు పంచుతూ
ఒక్క లోడ్ బాలెన్సరు.
నేలబారుగా పాకుతున్న గీత
గోడెక్కిన పిల్లిలా నిటారుగా ఉంది.

మూడో సర్వరుకి ఒంట్లో బాగాలేదు.
ఐదు సెకన్లకోసారి "ఎలా ఉన్నావ్?" అని అడుగుతున్నాం.
"బాగున్నా" అంటోంది ప్రతిసారీ,
ఆ ఒక్క మాటకి మాత్రం ఓపిక దాచుకుని.
అసలు పేజీ తెమ్మంటే తొమ్మిది సెకన్లు.
నేనెరగని జబ్బేం కాదది.

"పీకేద్దాం" అన్నాడు గారెత్.
విస్తరి ముందు కూర్చున్నవాళ్ళని
రెక్క పట్టుకుని లేపుతామా?
కొత్తవాళ్ళని అటు పంపకు, ఉన్నవాళ్ళని తిననీ అన్నాను.
ఇంగ్లీషులో ఎలా చెప్పానో గుర్తులేదు.
మూడు వేల వంద. ఎనిమిది వందలు. నలభై.
చివరి పదకొండు మంది ఎంతకీ లేవరు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి.
మిగతా మూడు పందిళ్ళలోనూ
తినేసి, చెయ్యి ఎండబెట్టుకుంటూ
కబుర్లాడేవాళ్ళే సగం మంది.
పనైపోయినా తలుపు వెయ్యని కనెక్షన్లు.
ఈ అరవై సెకన్ల మర్యాద ఏ మహానుభావుడు పెట్టాడో అని చూస్తే
నేనే. మూడేళ్ళ కిందట, తీరుబడిగా ఉన్న ఓ జూలైలో.
ఐదుకి దించాను.
వాకిట్లో వణుకుతున్నవాళ్ళు రెండో బంతికి లోపలికొచ్చారు.

ఇంకో నియమం కూడా రాశాను:
ఒకే చిరునామా నుంచి
సెకనుకి రెండుసార్లకి మించి తలుపు బాదితే
కాసేపు ఆగమని.
ఆగిపోయిన మొదటి చిరునామా
ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను.
మాదే.

పైన మంచం చప్పుడు. తర్వాత మెట్లు.
దుప్పటి చుట్టుకుని మేదిని:
"అమ్మా, సైటు నన్నొక్కదాన్నే ఎందుకు పొమ్మంటోంది?"

ఆరూ యాభై. గీత దిగింది.
దాని బడి పేరు పక్కన గడి ఇంకా ఖాళీ.
హెడ్‌మిస్ట్రెస్ కారు ఏ ఏటవాలులో ఇరుక్కుందో.

"ఆల్‌రైట్, లవ్?" అన్నాడు గారెత్ ఫోనులో.
ఇక్కడి పలకరింపు అది, జవాబు కోసం ఎవరూ ఆగరు.
బాగున్నా అనబోయి,
"ఇంకా టీ తాగలేదు" అన్నాను.