మూడో గట్టు

ఇస్కపల్లి దారిలో మా కారు
గంటకు ముప్పై దాటదు.
డ్యాష్‌బోర్డు మీద నాలుగు ఫోన్లు
వాటికవే మోగుతాయి, వాటికవే ఎత్తుకుంటాయి,
ఒకటీ ఇంకోదాన్ని అన్నం తిన్నావా అని అడగదు.
రెండు నిమిషాలకు కట్. మళ్ళీ.
ల్యాప్‌టాప్‌లో దారి పొడుగునా చుక్కలు:
పచ్చ, పచ్చ, పసుపు,
ఉప్పుకయ్యల మలుపులో ఎరుపు.

"ఆడనే పోతాది" అన్నాడు డ్రైవరు మస్తాన్.
మూడుసార్లు తిప్పాం. మూడుసార్లూ అక్కడే తెగింది.

గొర్రుతో ఉప్పు లాగుతున్న పెంచలమ్మ
మా తిరుగుడు చూసి చూసి అరిచింది:
"ఆడ కాదబ్బయా, మూడో గట్టు కాడ నిలబడు!"

మూడో గట్టు మీద ఒక కర్ర,
కర్రకు పాలిథిన్ సంచి, సంచిలో ఆమె ఫోను.
లారీ షావుకారు రేటు చెప్పేది ఆ కర్రకే.
లక్షలు పోసి కొన్న నా స్కానరు చూపిందీ
ఆ గట్టే,
జానెడు అటూ ఇటూ.

రిపోర్టులో రాశాను:
యాంటెన్నా రెండు డిగ్రీలు కిందికి.
టవరెక్కిన కుర్రాడు బోల్టు వదులు చేసి
దాని తల కాస్త వంచి దిగొచ్చాడు.

వారం తర్వాత అదే దారి, అవే మూగ ఫోన్లు.
మలుపు పచ్చగా పడింది.
పెంచలమ్మ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి
గొర్రు ఆపకుండానే
బస్తాకు ఐదు రూపాయల కోసం పోట్లాడుతోంది.

కర్ర ఏమైందని అడిగాను.
"కాలవకవతల మా మరిది కయ్యలో
నాలుగు దినాలుగా పలకడం లేదంట,
పట్టకపోయినాడు."

మస్తాన్ నా వైపు చూశాడు.
నేను ల్యాప్‌టాప్ మళ్ళీ తెరిచాను.
బండి కాలవ వైపు తిరిగింది.